శ్రీ, కాళ, హస్తి: ఊరి గుర్తులు, ఊరి పాలన

నేడు పట్టాలు అందుకుంటున్న స్నాతకుల ఊరు శ్రీకాళహస్తికి పేరే చిహ్నం. శ్రీ అంటే సాలెపురుగు, కాళమంటే పాము, హస్తి అంటే ఏనుగు. శివుణ్ణి కొలిచి ముక్తి పొందిన ఈ మూడు ప్రాణుల ఆనవాళ్లు ఇక్కడి శివాలయంలోని వాయులింగంపై కూడా ఉన్నాయని స్థలపురాణం చెబుతుంది. పోలికకు నార్వేను చూస్తే, అక్కడి కొమ్యూనె, అంటే ఎన్నికైన సభ నడిపే స్థానిక పాలనా విభాగం, తన గుర్తును డాలు ఆకారంలో గీయించుకుంటుంది. శ్రీకాళహస్తికి ఆ పని పురాణం ఎప్పుడో చేసిపెట్టింది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం ఇంకొక గుర్తు. అది 2010 మే 26న కూలిపోగా, 2017లో దాని స్థానంలో కొత్త గోపురానికి కుంభాభిషేకం జరిగింది.

గుర్తులు ఇంత పాతవైనా, పాలనలో ఊరివారి మాటకు చోటు దక్కింది మాత్రం చాలా ఆలస్యంగానే. ఈ సీమను ఏలిన దామెర్ల నాయకుల్లో ఒకరైన వెంకటప్ప 1639లో ఈస్టిండియా కంపెనీకి కోట కట్టుకోవడానికి అనుమతి ఇవ్వగా, అక్కడ వెలసిన చెన్నపట్నానికి ఆయన తండ్రి చెన్నప్ప పేరే మూలమని చరిత్రకారుల్లో చాలామంది అంటారు. మరో నగరానికి పేరిచ్చిన ఈ సీమ ప్రజలు తమ వీధి కాలువ గురించి నిర్ణయించుకునే హక్కు కోసం మూడు శతాబ్దాలకు పైగా వేచి ఉండవలసి రావడం చిత్రమే. నార్వేలో 1837 నాటి చట్టాలే స్థానిక సభలకు దారి వేయగా, ఇక్కడ జమీందారీ పోవడానికి 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం రావలసి వచ్చింది.

ఎల్లలు కూడా పైనుంచే మారుతూ వచ్చాయి: ఉత్తర ఆర్కాటులో ఉన్న ఊరు 1911లో చిత్తూరు జిల్లాలోకి, 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలోకి చేరింది. ఊరి లోపలి పాలనకు రాజ్యాంగ బలం చేకూర్చినది మాత్రం 1993లో అమలైన 74వ సవరణ. పురపాలక సంఘాలకు అప్పగించదగిన తాగునీరు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు వంటి 18 అంశాలను అది పన్నెండవ షెడ్యూలులో చేర్చింది. చుట్టుపక్కల పల్లెల్లో సర్పంచిని ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు. పట్టణంలో మాత్రం ఓటర్లు కౌన్సిలర్లను ఎన్నుకుంటే, వారు తమలో ఒకరిని ఛైర్‌పర్సన్‌గా ఎంచుకుంటారు.

శాసనసభకు పోటీ చేయడానికి 25 ఏళ్లు నిండాలన్న రాజ్యాంగం, పురపాలక సంఘానికి 21 ఏళ్లు చాలంటుంది. ఈ సభలో కూర్చున్న స్నాతకుల్లో అనేకులది సరిగ్గా ఆ వయసే.