‘జారి పడింది’ అని రాసే ముందు

బిడ్డ పేరు పిలవగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టిన అమ్మానాన్నలకు నమస్కారం. ఈ ఉక్కలో నల్ల గౌన్లు వేసుకుని ఓపిగ్గా కూర్చున్న కొత్త డాక్టర్లకు అభినందనలు. మర్యాదలు ఇంతటితో చాలు. మీకు ఆకలేస్తోంది, నాకేమో చెప్పాల్సింది చాలా ఉంది.

వైద్యరంగం రేపు ఎలా ఉండబోతోందో మాట్లాడమని అడిగారు. ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. నాకు తెలిసిందల్లా పిల్లల వార్డు. సర్కారు ఆసుపత్రిలో పిల్లల డాక్టరుగా చేరి, అక్కడే రిటైరయ్యాను. ఆ వార్డు నాకొక దిగులు మిగిల్చింది. కేస్ షీట్లలో పదే పదే కనబడే ఒక మాట గురించిన దిగులు అది: ‘జారి పడింది’. తీసుకొచ్చినవాళ్లు చెబుతారు, మనం తలెత్తకుండా రాసేస్తాం, కట్టు కట్టి పంపేస్తాం.

పిల్లలు పడరా అంటే పడతారు. నడక నేర్చే బిడ్డకు నుదురు, గడ్డం, మోకాళ్లు, మోకాలి కింది ఎముక మీద దెబ్బలు మామూలే. కానీ చెవి మీద, మెడ మీద, పొట్ట మీద, వీపు మీద కమిలిన గుర్తు ఉంటే ఆగండి. నాలుగు నెలలు నిండని బిడ్డకు ఒంటి మీద ఎక్కడ కమిలినా ఆగండి. తనంతట తాను కదలలేని బిడ్డ తనకు తాను దెబ్బ తగిలించుకోలేదు. వేడినీళ్లు పొరపాటున మీద పడితే చుక్కలు చిందుతాయి, కాలిన చోటు అంచులు చెదిరి ఉంటాయి. రెండు పాదాలకూ మేజోళ్లు తొడిగినట్టు ఒకే గీత దగ్గర కాలిన గాయం ఆగిపోయిందంటే ఎవరో ఆ కాళ్లను నీళ్లలో పట్టుకుని ఉంచారు. ఇవన్నీ మీ పుస్తకాల్లో ఉన్నాయి. మార్కుల కోసం చదివారు, పాసయ్యారు. రాత్రి రెండు గంటలకు క్యాజువాల్టీలో గుర్తుకు రావాలని ఇప్పుడు మళ్లీ చెబుతున్నాను.

అలాగని కనబడిన ప్రతి నీలిమచ్చకూ తల్లిని నిలదీయొద్దు. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుము కింద, పిర్రల మీద నీలిమచ్చలుంటాయి. రక్తం గడ్డకట్టని జబ్బులున్నాయి, ఎముకలు పెళుసుబారే జబ్బులున్నాయి. ఫిట్స్ వచ్చిందనో, పసిరికలనో బిడ్డకు వాతలు పెట్టించి తెచ్చే నాయనమ్మలు ఇంకా ఉన్నారు. ఆవిడ ఆ బిడ్డకు శత్రువు కాదు, అయినా ఆ వాత గాయమే. ఆమెను తిట్టి పంపిస్తే ఈసారి వాత పెట్టిస్తుంది గానీ ఆసుపత్రికి మాత్రం తీసుకురాదు. కూర్చోబెట్టి మాట్లాడండి.

నేను పీజీ చదివేటప్పుడు ఒక పసివాణ్ణి తెచ్చారు. తొడ ఎముక విరిగింది. మంచం మీంచి దొర్లి పడ్డాడన్నారు. మా ప్రొఫెసరు గారు ఎక్స్‌రేను లైటు ముందు పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత వేలితో చూపించారు. తొడ సంగతి సరే, పక్కటెముకల మీద చిన్న చిన్న ఉబ్బులు. పాత విరుగుళ్లు వాటంతట అవి అతుక్కున్న గుర్తులు. ఆయన గొంతు పెంచలేదు. తండ్రిని మందుల చీటీ ఇచ్చి బయటికి పంపి, తల్లికి కుర్చీ వేయించి, “వీడు బోర్లా పడుతున్నాడా అమ్మా?” అని అడిగారు. లేదంది. “మరి ఎలా దొర్లాడు తల్లీ?” అన్నారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, “రాత్రుళ్లు ఏడుస్తుంటే ఆయనకు కోపం వస్తుందండీ” అంది. మేం వాణ్ణి వార్డులోనే ఉంచుకున్నాం, మెడికో లీగల్ కేసు రాశాం.

ఆ ఎక్స్‌రేలో మా సారు చూసిన సంగతినే 1946లో అమెరికాలో జాన్ కాఫీ అనే రేడియాలజిస్టు రాశారు. ఆరుగురు పసిపిల్లలకు మెదడు పొరల్లో నెత్తురు చేరడం, దానితోపాటు చేతుల, కాళ్ల పొడుగు ఎముకలు విరిగి ఉండడం ఆయన గమనించారు. పెద్దవాళ్లు కొట్టడం వల్లే అని డెన్వర్‌కు చెందిన పిల్లల డాక్టరు హెన్రీ కెంప్, ఆయన బృందం కుండబద్దలు కొట్టి రాసేసరికి 1962 వచ్చింది. ఎముకలు చెప్పింది నోటితో పలకడానికి వైద్యలోకానికి 16 ఏళ్లు పట్టింది. ఒకసారి పలికాక మాత్రం పని వేగంగా జరిగింది. 1967 కల్లా ఆ దేశంలోని రాష్ట్రాలన్నీ ఇలాంటి కేసు చూసిన డాక్టరు తెలియజేసి తీరాలని చట్టాలు చేశాయి. పిల్లల మీద లైంగిక నేరాల విషయంలో మనకు అలాంటి చట్టం, పోక్సో, 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది.

ఇప్పుడు అసలు నా బాధ చెబుతాను, కాస్త కోపంగానే చెబుతాను. అవగాహన అనగానే మనవాళ్లు బడికెళతారు. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి మంచి స్పర్శ, చెడు స్పర్శ అని పాఠం చెప్పి, ఫొటో దిగి వచ్చేస్తారు. ఆ పాఠం వద్దనను, కావాల్సిందే. కానీ కాపాడుకునే బాధ్యత ఏడేళ్ల పిల్ల నెత్తిన పెట్టి మనం ఎక్కడికి పోతున్నాం? ఆ పిల్ల ధైర్యం చేసి చెబితే వినాల్సిన పెద్దవాళ్లకు పాఠం ఎవరు చెప్పారు? కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి 2007లో ఒక నివేదిక ఇచ్చింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని 53 శాతం మంది చెప్పారు. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. ఆ పిల్లల్లో చాలామంది అంతకుముందు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చేసినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మినవాళ్లు. ‘కొత్తవాళ్లతో మాట్లాడకు’ అని మనం నేర్పే జాగ్రత్త ఇంట్లో ఉన్న మనిషి దగ్గర పనికిరాదు.

మా వార్డులో ఒకమ్మాయి, నాలుగో క్లాసో ఐదో క్లాసో చదివేది, కడుపునొప్పి అంటూ మాటిమాటికీ వచ్చేది. స్కానింగ్ బాగుంది, రక్తపరీక్షలు బాగున్నాయి, నులిపురుగుల మందూ వేశాం. బడి ఎగ్గొట్టడానికి నాటకాలు అనేది వాళ్లమ్మ. ఒకరోజు మా ఆయమ్మ ఆ పిల్లకు నూనె రాసి జడ వేస్తోంది. చిక్కు తీస్తూ, “ఇంటికెళ్లాక మీ అమ్మ ఇలాగే వేస్తుందా?” అని యథాలాపంగా అడిగింది. “ఇంటికి పోను” అంది పిల్ల. ఆయమ్మ మరో ప్రశ్న వేయలేదు, జడ వేస్తూనే ఉంది. రెండో జడ పూర్తయ్యేలోపు పిల్ల మొత్తం చెప్పేసింది. ఆ ఇంట్లోనే ఉండే బంధువు సంగతి.

ఆ తల్లి నా కాళ్లు పట్టుకుంది. “పరువు పోతుందమ్మా, రాయకండమ్మా, రేపు పిల్లకు పెళ్లవదు.” ఈ మాట మీరూ వింటారు. మీ గుండె కరుగుతుంది, కరగాలి కూడా. కానీ పెన్ను ఆపకూడదు. నేను ఆమెకు చెప్పింది ఇదే: పరువు పోవాల్సింది వాడికి, నీ బిడ్డకు కాదు. చట్టం బిడ్డ పేరు, ఫొటో, బడి, ఊరు ఏదీ బయటపెట్టనివ్వదు. వాంగ్మూలం ఇంటి దగ్గరో, బిడ్డ కోరుకున్న చోటో తీసుకుంటారు, వీలైనంతవరకు మహిళా ఎస్సై, అదీ యూనిఫాం లేకుండా వస్తారు. బిడ్డను రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. హైదరాబాద్‌లో బాధిత మహిళలకు, పిల్లలకు అండగా 2016లో భరోసా కేంద్రం పెట్టారు, 2018లో అక్కడే పిల్లలకు భయం పుట్టించని కోర్టునూ తెరిచారు.

ఈ కేసులో నేను సాక్ష్యం చెప్పడానికి వెళ్లాను. అవతలి లాయరు నన్ను గుచ్చి గుచ్చి అడిగింది కేస్ షీట్ గురించే. పిల్ల అన్న మాటల్ని అన్నట్టుగానే, ఆ పిల్ల భాషలోనే, ఎవరితో ఎప్పుడు అందో కూడా రాసి పెట్టుకున్నాం. నిలబడింది అదే. మీరు ఇంగ్లీషులోకి మార్చి, సొంపుగా దిద్ది రాయకండి. బిడ్డ ‘మామ’ అంటే ‘మామ’ అనే రాయండి.

ఇక భయపడేవాళ్ల కోసం చెబుతున్నాను. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న భయం ఉన్నా పోలీసులకు తెలియజేయడం ఎవరికైనా తప్పనిసరి. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, సంస్థ నడిపేవాళ్లకైతే ఏడాది దాకా. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రాజురాలో ఒక బడి హాస్టల్లో గిరిజన బాలికల మీద జరిగిన దారుణాన్ని చికిత్స చేసిన డాక్టరు తెలియజేయలేదని కేసు పెడితే, హైకోర్టు కొట్టేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి, తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమేనని అంది. ఇంకొకటి: చికిత్స మొదలుపెట్టడానికి పోలీసు కాగితం తెమ్మని అడగకూడదు. ఎవరైనా సీనియరు అడగమంటే, చెయ్యనని చెప్పే హక్కు మీకుంది.

నిర్లక్ష్యం గురించి కూడా ఒక మాట, ఎందుకంటే అది కంటికి ఆనదు. కవలల్ని తెస్తారు. మగపిల్లాడి బరువు కార్డులో పచ్చ రంగులో ఉంటుంది, ఆడపిల్లది అట్టడుగుకు జారిపోయి ఉంటుంది. ఒకే ఇల్లు, ఒకే తల్లి. ‘పాలు సరిగ్గా తాగదండీ’ అంటారు. ఆ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి తండ్రికి చూపించండి, తల్లికి కాదు. అయితే లేమిని నిర్లక్ష్యం అనకండి. కర్నూలు పడమటి మండలాల నుంచి గుంటూరు జిల్లా మిరప కోతలకు వచ్చే కుటుంబాలు పిల్లల్ని చేల గట్ల మీద వదులుతాయి, బడి మాన్పిస్తాయి. ఆ తల్లి మీద పోలీసుల్ని పంపితే ఏం ఒరుగుతుంది? ఆమెకు కావాల్సింది దగ్గర్లో అంగన్‌వాడీ, ఊళ్లో సీజనల్ హాస్టలు. పేదింటి తల్లిని బెదిరించడం చాలా తేలిక. కారులో వచ్చిన తండ్రిని అడగడానికే నోరు పెగలదు. నాకు రెండోదే కావాలి.

మీలో చాలామంది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వెళతారు. ఊళ్లో ఆరోగ్య, పోషకాహార దినం జరుపుతారు కదా, తల్లులే వస్తారు. మగవాళ్లను కూడా పిలవండి. రాకపోతే వాళ్లు కూర్చునే రచ్చబండ దగ్గరికి, టీ కొట్టు దగ్గరికి మీరే వెళ్లండి. డాక్టరు వచ్చి నిలబడితే మన ఊళ్లలో ఇంకా వింటారు. బిడ్డ ఏదైనా చెబితే ముందు నమ్మమనండి. ‘నువ్వెందుకు వెళ్లావు?’ అని అడగొద్దని, చెప్పిందే పదిమంది ముందు పదిసార్లు చెప్పించొద్దని చెప్పండి. ‘దండం దశగుణం భవేత్’ అని ఎవరో ఒక మాస్టారు అంటారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో దెబ్బను నిషేధించిందని ఆయనకు మర్యాదగా చెప్పండి. నవ్వితే మళ్లీ చెప్పండి.

ఆశా కార్యకర్తలతో, ఏఎన్ఎంతో, అంగన్‌వాడీ టీచరుతో ముందే స్నేహం చేసుకోండి. ఏ ఇంటి తలుపు వెనక ఏం జరుగుతోందో వాళ్లకు తెలుసు. అడిగేవాళ్లు లేక ఊరుకుంటారు. వాళ్లు పేరు చెప్పినందుకు రేపు వీధిలో గొడవైతే వాళ్ల వెనక మీరు నిలబడాలి. ఆ మాట మొదటి వారంలోనే ఇవ్వండి.

మీ జిల్లా బాలల సంక్షేమ కమిటీ నంబరు, జిల్లా బాలల పరిరక్షణ అధికారి నంబరు పోస్టింగ్ వచ్చిన రోజే సంపాదించండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098ని ఫోన్లో ఇప్పుడే ఎక్కించుకోండి. 1996లో ముంబైలో వీధి పిల్లల కోసం మొదలైన నంబరది, ఇప్పుడు ప్రభుత్వమే నడుపుతోంది, డబ్బు పడదు. ఇందాకటి నుంచి ఆ చివర బల్ల కింద ఫోను చూసుకుంటున్న బాబూ, నువ్వే మొదలుపెట్టు. వెనక కూర్చున్న తల్లిదండ్రులు కూడా ఫోన్లు తీయండి. పక్కవాళ్లకు రాకపోతే చెప్పండి. అందరూ ఎక్కించుకున్నాకే భోజనాలకు లేద్దాం.