పద్దెనిమిదేళ్ళు నిండిన నాడు పెద్దదిక్కెవరు?

(ఉప్పల్‌లో జరిగిన భక్తుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బాలల సేవను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా ధర్మకర్తల మండలివారు నన్ను ఆదేశించారు. నేను నాచారం, ఉప్పల్ ప్రాంతాల బడులలో ముప్పది సంవత్సరాలు పాఠాలు చెప్పి విశ్రాంతి పొందినవాడను. దానమహిమను మీవంటి దాతలకు నేను చెప్పనక్కరలేదు. ఒక్క పూట దానంతో తీరని కొరత ఒకటి ఉన్నది. దానిని గురించి మాత్రమే మనవి చేసుకుంటాను.

యశోదమ్మ కథ మనందరికీ తెలిసినదే. వెన్నముద్దలు, రోలు, మన్ను తిన్న నోరు, ఇవన్నీ మన పిల్లలకు కూడా కంఠోపాఠమే. అయితే ఆ కథలో ఉత్తరభాగాన్ని మనం అంతగా తలచుకోము. కంసవధ అనంతరం నందుడు మధురలో కృష్ణుని విడిచి వ్రేపల్లెకు మరలిపోయాడు. అంతకాలం గుండెలమీద పెంచిన బిడ్డను కన్నవారికి అప్పగించి వెళ్ళవలసివచ్చింది. అంతటితో ఆ బంధం తెగిపోలేదు. కృష్ణుడు ఉద్ధవుని పంపి పెంచినవారిని ఊరడించాడు. ఏళ్ళు గడచిన పిమ్మట సూర్యగ్రహణ సమయంలో శమంతపంచకంలో అందరూ కలిసినప్పుడు దేవకీ రోహిణులు యశోదను కౌగిలించుకుని, ఆమె చేసిన మేలును కన్నీళ్ళతో తలచుకున్నారని భాగవతం చెబుతున్నది. కన్నతల్లికీ పెంచిన తల్లికీ నడుమ అక్కడ పోటీ లేదు. ఒకరి ఋణాన్ని మరొకరు ఒప్పుకున్నారు.

మన ఏడుకొండలవాని కథ కూడా ఇటువంటిదే. శ్రీనివాసుని ఆదరించి అన్నం పెట్టింది వకుళమాత. ఆయన వివాహయోగ్యుడైనప్పుడు ఆకాశరాజు ఇంటికి పిల్లను అడగడానికి వెళ్ళింది కూడా ఆ తల్లియే. బిడ్డ పెద్దవాడయ్యాడు గదా, ఇక నా పని తీరినదని ఆమె అనుకోలేదు. పెళ్ళినాటికి స్వామికి సైతం ఒక పెద్దదిక్కు కావలసివచ్చింది. అట్టి పెద్దదిక్కు మన చుట్టూ ఉన్న కొందరు యువతీయువకులకు లేదు. నా మనవి అంతా ఈ ఒక్క మాటను గురించే.

మన ప్రాంతాన్నే చూడండి. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలను నమ్ముకుని ఎన్నో జిల్లాల నుండి, పొరుగు రాష్ట్రాల నుండి కుటుంబాలు వచ్చి ఒంటిగది ఇళ్ళలో కాపురం ఉంటున్నాయి. ఊళ్ళో తండ్రి మంచాన పడితే మేనమామో పెదనాయనో బిడ్డను తన ఇంటికి తీసుకుపోతాడు. ఇక్కడ అద్దె గదికి అటు ఇటు ఉన్నవారూ వలస వచ్చినవారే. తల్లి ఆసుపత్రి పాలైనా, తండ్రి ప్రమాదంలో పోయినా, తాగుడుకు బానిసై ఇల్లు విడిచినా ఆ బిడ్డను పట్టుకునే చేయి దగ్గరలో ఉండదు. ఆ బిడ్డ అనాథ కాదు. అయినవారు ఉన్నారు, కాని అందుబాటులో లేరు, లేదా శక్తి లేనివారు.

ఇటువంటి బిడ్డలకోసం చట్టం ఒక మార్గం ఏర్పరచింది. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో దీనిని ఫోస్టర్ కేర్ అన్నారు. దత్తత వేరు, ఇది వేరు. దత్తతలో బిడ్డ శాశ్వతంగా ఆ ఇంటి వారసుడవుతాడు. ఇందులో బిడ్డ ఇంటిపేరు మారదు, కన్నవారితో బంధం తెగదు. కన్నవారు నిలదొక్కుకునేవరకు గాని, వేరొక ఏర్పాటు జరిగేవరకు గాని ఒక కుటుంబం బిడ్డను తన ఇంట ఉంచుకుని పెంచుతుంది. ఏ బిడ్డ ఏ ఇంటికి వెళ్ళాలో నిర్ణయించేది జిల్లాలోని బాలల సంక్షేమ సమితి. ఉప్పల్, నాచారం మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనివి గనుక మనకు ఆ జిల్లా సమితియే దిక్కు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంవారు ఆ కుటుంబం ఇంటికి వచ్చి విచారణ చేసి నివేదిక ఇస్తారు. 2022 నాటి మిషన్ వాత్సల్య నియమాల ప్రకారం బిడ్డ పోషణకు నెలకు రూ. 4,000 సహాయం అందే ఏర్పాటు ఉన్నది. 2024లో సవరించిన మార్గదర్శకాలు 35 నుండి 60 సంవత్సరాల వయసుగల ఒంటరి వ్యక్తులకు, అనగా అవివాహితులకు, జీవిత భాగస్వామిని కోల్పోయినవారికి, విడిపోయినవారికి కూడా ఈ అవకాశం కల్పించాయి. అయితే ఒంటరి పురుషునికి ఆడపిల్లను అప్పగించరు. దత్తతకు అర్హత పొందిన బిడ్డ ఒక ఇంట రెండేళ్ళు పెరిగితే, ఆ కుటుంబమే దత్తత కోరవచ్చును. పూర్వం ఈ గడువు ఐదేళ్ళుగా ఉండేది.

ఇంతవరకు బాగుగానే ఉన్నది. అసలు కష్టం పద్దెనిమిదవ ఏట ప్రారంభమవుతుంది.

ఆ వయసుతో చట్టం దృష్టిలో బాల్యం ముగుస్తుంది. సంరక్షణ గృహాలలో పెరిగినవారు బయటికి రావలసి ఉంటుంది. ఫోస్టర్ కేర్‌లో పెరిగినవారి కాగితాలు కూడా ఆనాటితో మూతపడతాయి. సంస్థలను విడిచి వెళ్ళినవారికి 21 ఏళ్ళ వరకు, అవసరాన్నిబట్టి 23 ఏళ్ళ వరకు తోడ్పాటు ఇవ్వడానికి నిబంధనలలో చోటున్నది. కాని రూపాయలు అందినా ధైర్యం చెప్పే మనిషి అందడు గదా! మన ఇళ్ళలో పద్దెనిమిదేళ్ళ బిడ్డను గడప దాటి నీ బ్రతుకు నీవు చూసుకోమని ఎవరమైనా అనగలమా? డిగ్రీ అయ్యేవరకు, ఉద్యోగం వచ్చేవరకు, పెళ్ళి అయ్యేవరకు, ఆపై పురుడు పోసేవరకు కూడా మనవారు మనవారే.

నాకు తెలిసిన ఒక యువకుడు పన్నెండవ ఏటి నుండి ఒక సంరక్షణ గృహంలో పెరిగి, ఐ.టి.ఐ. చదివి నాచారంలో ఒక కర్మాగారంలో పనికి కుదిరాడు. మొదటి రోజున భవిష్యనిధి కాగితాలు ఇచ్చారు. తన పేరు, పుట్టిన తేదీ చకచక వ్రాశాడు. నామినీ అన్న గడి దగ్గర కలం ఆగింది. తనకు ఏమైనా జరిగితే ఆ సొమ్ము ఎవరికి చెందాలో వ్రాయమంటున్నది ఆ కాగితం. ఎవరి పేరు వ్రాయాలి? ఆ సాయంత్రం అద్దె గది కోసం వెళితే ఇంటివారు మర్యాదగానే మాట్లాడి, చివరకు, “మీ నాన్నగారిని ఒకసారి తీసుకురా బాబూ” అన్నారట. ఆ ఇంటివారిని నిందించలేము. వారు అడిగినది పూచీ. ఈ కుర్రవాడికి డబ్బు ఉన్నది, పని ఉన్నది, పూచీ నిలిచే మనిషి లేడు.

ఇంకొక అమ్మాయి ఉప్పల్‌లో ఒక దంపతుల ఇంట ఆరేళ్ళు పెరిగింది. పద్దెనిమిది నిండినవి, కాగితాలు ముగిసినవి. ఆ దంపతులు మాత్రం ఇంటి తాళంచెవి ఆమె దగ్గరే ఉండనిచ్చారు. ఆమె ఇప్పుడు హాస్టల్‌లో ఉండి నర్సింగ్ చదువుతున్నది. పండుగకు ఆ ఇంటికే వస్తుంది. జబ్బు చేసిన కన్నతల్లిని చూడడానికి వెళ్ళేటప్పుడు ఆ ఇంటి అమ్మగారే పండ్లు కట్టి ఇస్తుంది. ఈ ఇద్దరు బిడ్డల తెలివిలో, కష్టపడే గుణంలో ఏమీ తేడా లేదు. ఒకరికి తిరిగి రావడానికి గడప ఉన్నది, ఒకరికి లేదు. మనసు నిలకడ, చదువుపై ధ్యాస, చెడు సావాసానికి లొంగని బలము ఆ గడప నుండే పుడతాయని ఇన్నేళ్ళు పిల్లలను చూచిన అనుభవంతో చెబుతున్నాను.

కర్ణుని చూడండి. అధిరథుడు, రాధ ప్రేమలో ఏ లోపమూ చేయలేదు. జన్మరహస్యం తెలిసిన తరువాత కూడా అతడు వారిని విడువనన్నాడు. అతనిని కాల్చినది పెంపకం కాదు. నిండు సభలో నీ కులమేది, నీ వంశమేది అని అడిగిన ప్రశ్న. ఆ ప్రశ్నను మనం నేటికీ పెళ్ళిచూపులలో, అద్దె ఇళ్ళ దగ్గర, బడిలో అడుగుతూనే ఉన్నాము.

ఇక దాతలకు నా విన్నపములు. పుట్టినరోజునాడు బాలల గృహంలో భోజనం పెట్టడం పుణ్యకార్యమే, మానవద్దు. కాని ఆ పిల్లల ముఖాలు ఫొటోలు తీసి నలుగురికీ పంపకండి. వారి గుర్తింపు వెల్లడి చేయరాదని చట్టం కూడా చెబుతున్నది. ఏడాదికి ఒకసారి నూరుమందిని చూచే బదులు, గృహ నిర్వాహకుల అనుమతితో, సంక్షేమ సమితి ఎరుకలో, ఒక్క బిడ్డకు నెలనెలా కనిపించండి. మాట ఇచ్చిన నాడు తప్పక వెళ్ళండి. వస్తామని రానివారిని ఆ పిల్లలు ఇప్పటికే చాలామందిని చూశారు.

కర్మాగారాలు నడిపే మహాశయులు అటువంటి యువకులకు పని నేర్పండి. ఇల్లు అద్దెకు ఇచ్చేవారు తండ్రికి బదులు గురువు పూచీని అంగీకరించండి. పిల్లలు దూరదేశాలలో స్థిరపడగా ఖాళీ గదులతో ఉన్న దంపతులు మన కాలనీలలో ఎందరో ఉన్నారు. ఫోస్టర్ కేర్ కోసం జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని సంప్రదించండి.

యాత్రికులకు ఒక మాట. ఉప్పల్‌లో యాదగిరిగుట్ట బస్సు దగ్గర గాని, గుడి మెట్లమీద గాని దిక్కులేని బిడ్డ కనబడితే జాలితో ఇంటికి తీసుకుపోకండి. 1098కు ఫోన్ చేయండి, లేదా పోలీసులకు తెలపండి. 24 గంటలలోగా తెలియజేయడం చట్టరీత్యా మన విధి. ఎక్కడో ఒక తల్లి ఆ బిడ్డను వెదకుతూ ఉండవచ్చును.

అన్నదానం చేసిన చేతులకు నమస్కరిస్తున్నాను. ఆ చేతులతోనే ఒక బిడ్డ కాగితంపై పూచీ సంతకం చేయండి, ఒక పిల్ల పెళ్ళిలో పెద్దలుగా పీటల ప్రక్కన నిలవండి. వకుళమాత చేసినది అదే. ఆ తల్లిని ఆదరించిన స్వామి మిమ్మల్ని చల్లగా చూచుగాక.

స్వస్తి.