మొక్కజొన్న చేను కింద స్టీమ్‌బోట్!

అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రంలో ఒక మొక్కజొన్న చేను ఉంది. నది అక్కడికి అర మైలు దూరం. ఆ చేనులో 45 అడుగుల లోతున ఒక స్టీమ్‌బోట్ దొరికింది. పొలంలోకి బోటు ఎలా వచ్చింది? ఇవాళ అదే చూద్దాం.

1856. పశ్చిమాన కొత్త ఊళ్లు పుడుతున్నాయి. అక్కడికి ఇంకా రైలు లేదు. మేకు దగ్గర్నుంచి కిటికీ దాకా ఏది కావాలన్నా మిస్సోరీ నదిలో స్టీమ్‌బోట్ మీదే రావాలి. అలా సుమారు 200 టన్నుల సరుకుతో బయలుదేరిందే 'అరేబియా'.

స్టీమ్‌బోట్ ప్రమాదం అనగానే మనకి బాయిలర్ పేలడమే గుర్తొస్తుంది కదా? మిస్సోరీలో అసలు విలన్ వేరే. గట్టు కోసుకుపోయి చెట్లు నదిలో పడేవి. వేళ్లు బురదలో దిగబడిపోయేవి, మొద్దు నీటి కింద ఈటెలా నిలబడేది. దాన్నే 'స్నాగ్' అనేవాళ్లు. సెప్టెంబర్ 5న పార్క్‌విల్ దగ్గర ఒక వాల్‌నట్ మొద్దు అరేబియా అడుగుభాగాన్ని చీల్చేసింది. బోటు నిమిషాల్లో మునిగింది. అయితే పై అంతస్తు కాసేపు నీటిపైనే ఉండటంతో, అందరినీ చిన్న పడవలో ఒడ్డుకు చేర్చగలిగారు. పోయింది ఒక్క కంచర గాడిద మాత్రమే.

తర్వాత నది దారి మార్చుకుంది. బోటు మునిగిన చోటు పొలమైపోయింది. 1987లో హాలీ కుటుంబం పాత మ్యాపులు, మాగ్నెటోమీటర్ పట్టుకుని వెతికి ఆచూకీ తీసింది. 1988 చలికాలంలో చుట్టూ బోర్లు వేసి, నీళ్లు తోడుతూ తవ్వారు. వాళ్లు ఆశపడ్డ విస్కీ పీపాలు దొరకలేదు. బూట్లు, గొడ్డళ్లు, పింగాణీ, పికిల్ సీసాలు దొరికాయి. టీమ్‌లో ఒకాయన ఆ పికిల్ తిని చూశాడు కూడా! గాలి తగలని బురదలో అన్నీ భద్రంగా ఉన్నాయి. నూలు దారం మాత్రం కుళ్లిపోయింది. ఉన్ని కోట్లు ముక్కలుగా వస్తే మళ్లీ కుట్టారు.

ఇవన్నీ అమ్మి డబ్బు చేసుకుందామన్నదే మొదటి ప్లాన్. కానీ విడివిడిగా అవి పాత సామాన్లే. ఒకచోట పెడితే, ఒక కొత్త ఊరు బతకడానికి ఏమేం కావాలో మొత్తం కనిపిస్తుంది. అందుకే అమ్మలేదు. 1991లో కాన్సాస్ సిటీలో మ్యూజియం పెట్టారు.

అన్నట్టు, ఆ గాడిద? "విప్పేశాను, మొండిది, కదల్లేదు" అన్నాడట యజమాని. తవ్వి చూస్తే ఎముకలు దొరికాయి, కట్టేసిన కట్టేసినట్టే! 132 ఏళ్లకి అబద్ధం బయటపడింది. పాపం, మొండిదన్న పేరు ఊరికే మోసింది.

మీరైతే అమ్మేవాళ్లా, దాచేవాళ్లా? కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!