పరుషకు పోవు ఎద్దులు – కట్టుత్రాళ్ళు

అనంతపురము సీమ రైతునకు ఎద్దుల జతయే కొట్టములోని ధనము. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు మెట్టభూమి ఇది. ఆ వానయు ముఖము చాటుచేసిన యేడు వేరుసెనగ కట్టె వామి పుష్యమాసము నాటికే అడుగంటును. అప్పుడు జతను పరుషకు తోలుట తప్పదు. హిందూపురము వైపు రైతులు దొడ్డబళ్ళాపురము దగ్గరి ఘాటి సుబ్రహ్మణ్య పరుషకు హళ్ళికారు ఎద్దులను కొనిపోవుట ఎఱిగినదే.

పూర్వము నడిపించుకొని పోయెడివారు. చెఱువు కనబడిన నీరు త్రాపి, చింతతోపు కనబడిన విడిసెడివారు. త్రాడు మనిషి చేతిలో ఉండెడిది. ఎద్దు బెదరిన చేయి సడలించును. కాలు జాఱిన చేయి వదలును. నేడు లారీలో ఆ త్రాడు ఇనుపకమ్మికి కట్టబడుచున్నది. కమ్మికి కనికరము లేదు. కనుక చేయి చేసెడి పనిని ఇప్పుడు ముడి చేయవలెను.

ఒక కరవు యేట మేము అట్టి లారీ వెంట పోయితిమి. రైతు తన జతను ముకుత్రాటితోనే కమ్మికి బిగించి, ఊడునేమో యని ముడిమీద ముడి వేసినాడు. మలుపులో బండి ఒక్కసారిగా ఆగెను. వలపటి ఎద్దు కాళ్ళు జాఱి కూలబడెను. దాని బరువంతయు ముక్కుమీద పడినది. పీటముడి గోటికి లొంగలేదు. కత్తి ఎవరియొద్దను లేదు. వెనుక వచ్చు బండివాని కొడవలి తెచ్చి కోయునప్పటికి ముక్కు చీలిపోయినది. ప్రాణము దక్కినది గాని, పరుషలో ఆ జతను బేరమాడినవారు లేరు. "తాడూ నాదే, ముడీ నాదే. ఎవురినని ఏం లాభం సామీ!" అని ఆ పెద్దాయన కూర్చుండిపోయినాడు. ఆ మాట మమ్ము నేటికిని విడువలేదు.

ముకుత్రాడు తోలుటకే గాని కట్టివేయుటకు గాదు. మెడకు వేసిన ఉరిముడి ఎద్దు లాగినకొలది బిగియును. కొమ్ములకు కట్టుటయు తగదు. కొమ్ములనుగాని ముక్కుకడియమునుగాని పట్టి పశువును కట్టరాదని ఐరోపా కూటమి దేశములలో 2007 నుండి నియమము అమలులోనున్నది. గుఱ్ఱమును కళ్ళెముతో కట్టిన నోరు చీలునని రౌతులెఱుగుదురు. అందుకే దానికి వేఱుగా తలకట్టు వేయుదురు. ఎద్దునకును అదియే మేలు. చెవుల వెనుక నొక పట్టె, ముక్కుదూలముమీద నొక పట్టె, గడ్డము క్రింద త్రాడు. ముక్కుపట్టె ఊపిరికి అడ్డురాకుండ రంధ్రములకు బాగుగా పైన ఉండవలెను. పట్టె క్రింద రెండు వ్రేళ్ళు దూరవలెను.

మన కిత్తనార త్రాడు గట్టిదే గాని ముఖమును ఒఱయును. నైలాను జాఱునపుడు చర్మమును కాల్చును, ఆపదలో తెగదు. ముఖమునకు మెత్తని నూలుత్రాడు మంచిది. గుఱ్ఱములను బండ్లలో తరలించువారు తోలు తలకట్టును కోరుటకు కారణమిదియే: ప్రాణముమీదికి వచ్చినపుడు తోలు తెగును, గుఱ్ఱము బ్రతుకును.

కట్టు మూపురమంత ఎత్తున ఉండవలెను. తల సహజముగా నిలుపుకొనుటకు చాలినంత, ముంగాలు దాటుటకు చాలనంత పొడవు విడువవలెను. త్రాటిని కమ్మిచుట్టు త్రిప్పి, కొనను మడిచి ఉచ్చులో దోపిన, ఎద్దు లాగిన బిగియును. మనిషి కొన లాగిన ఊడును. అయినను వెంటపోవు మనిషి నడుమున కత్తి ఉండవలెను.

ఎక్కించునపుడు వెనుక అడ్డుకఱ్ఱ వేసిన పిమ్మటనే తల కట్టవలెను. దింపునపుడు తల విప్పిన పిమ్మటనే వెనుక తలుపు తెఱువవలెను. వెనుక దారి చూచి పశువు వెనుకంజ వేయును. తల చిక్కియున్న బెదరి పడిపోవును.

1978 నాటి పశురవాణా నియమముల ప్రకారము లారీలో ఆరు పశువులకు మించరాదు. కాళ్ళు జాఱకుండ క్రింద కొబ్బరిపీచు చాపగాని చెక్కపలకగాని పఱవవలెను. వెంట ఒక మనిషియు, పశువైద్యుని ధ్రువపత్రమును ఉండవలెను. 2016 నుండి ఒక్కొక్క పశువునకు వేఱు గది కావలెను: ఆవు, గేదెలకు 2 చదరపు మీటర్లు, గుఱ్ఱమునకు 2.25.

చట్టము లారీని చక్కబఱచును. ముడి మాత్రము రైతు చేతిలోనిదే. ప్రయాణమునకు నాలుగు దినములు ముందే ఎద్దునకు తలకట్టు అలవాటు చేయుడు. కొట్టములో, చీకటిలో, ఆ ముడిని పదిమార్లు వేసి విప్పి చూచుకొనుడు. ఒక్క లాగుకు ఊడినపుడే లారీని పిలువుడు.