మోదుగ విస్తరి

ఎల్లారెడ్డి అడవులలో మోదుగకు కొదవ లేదు. ఆ ఆకులను సన్నని పుల్లలతో కుట్టిన విస్తళ్ళలోనే మన పెద్దలు పెండ్లి భోజనములు వడ్డించిరి. నేడు కామారెడ్డిలో ఇడ్లీలు పార్శిలు కట్టించుకొన్నచో, వేడి సాంబారు పలుచని ప్లాస్టిక్ సంచిలో మన చేతికి వచ్చుచున్నది.

2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు దేశమంతట నిషిద్ధములు. అదే యేడు డిసెంబరు 31 నుండి 120 మైక్రానుల కంటె పలుచని చేతిసంచులును నిషిద్ధములైనవి. ఏది వాడరాదో నిబంధన చెప్పినది గాని, ఏది వాడవలెనో చెప్పలేదు. హోటళ్ళు ఆకు దొప్పలే వాడవలెనని నియమించినచో, ఆకు కోసి, ఎండబెట్టి, కుట్టు స్త్రీలకు కూలి దక్కునని మా తలంపు.

దొప్పలో సాంబారు నిలుచునా యని హోటలువారు అడుగుదురు. నిజమే, దానికి ఇంటినుండి గిన్నె కొనిపోవలెను. మొన్న మేమును మరచి, వట్టి ఇడ్లీలతోనే తిరిగి వచ్చితిమి.