పై కోర్టు మెట్లు మన వాడకు ఎంత దూరం?

(కొడకండ్ల దళితవాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

యివాళ పెద్ద కోర్టు జడ్జీల గురించి మాట్లాడుదామని మేమంటే మనోళ్లే కొందరు నవ్విండ్రు. "కూలి గిట్టుబాటు గాక మేమేడుస్తుంటే హైదరాబాదు జడ్జి, ఢిల్లీ జడ్జి ముచ్చట మాకెందుకు?" అన్నరు. ఎందుకో చెప్తం, యినుండ్రి.

ఈ గడ్డకు కోర్టు కొత్త గాదు. మన పక్కనే వున్న కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ విసునూరు దేశముఖుకు ఎదురు నిలిచి కోర్టులో కొట్లాడిండు. గెలిచిండు కూడా. గెలిచిన మనిషిని దొర మనుషులు దారి కాసి చంపిండ్రు. పాలకుర్తి చాకలి ఐలమ్మ భూమి కేసు కూడా కోర్టుకెక్కింది. కాగితం మీద గెలిచిన ఆ భూమిని, పొలంలో పంటను నిలుపుకోవటానికి సంఘం కావలసి వచ్చింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిండు. ఈ మూడు సంగతుల్లో మన తాతలు నేర్చుకున్న పాఠం వొక్కటే. కోర్టు వొక్కటే చాలదు, సంఘం వుండాలె. నిజమే. అయితే దానికి రెండో సగం కూడా వుంది. సంఘం వొక్కటే చాలదు, కోర్టులో కూడా మన మనిషి వుండాలె. ఈ రెండో సగం మీద మనం ఎప్పుడూ కూర్చొని మాట్లాడుకోలేదు.

చుండూరు సంగతి చూడుండ్రి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపిండ్రు. జనం పోరాడి ఆ వూళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నరు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. పదహారేండ్ల పోరాటం ఫలించిందనుకున్నరు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. కారంచేడు కేసులో యిది తిరగబడింది. అక్కడ హైకోర్టు కొట్టేసిన కేసులో 2008లో సుప్రీంకోర్టు శిక్షలు వేసింది. అంటే ఏంది? కింది కోర్టులో గెలుపు సగం గెలుపే. చివరి మాట అప్పీలు కోర్టుది. సాక్షి చెప్పింది నమ్మాల్నా వద్దా, రాత్రిపూట దీపం వెలుగులో మనిషి ఆనవాలు దొరుకుతదా లేదా, వాడ మీద పడ్డ భయం ఎట్లాంటిది అన్నవి అక్కడ కూర్చున్న యిద్దరో ముగ్గురో తేలుస్తరు. ఆ యిద్దరు ముగ్గురు ఏ యింట్ల పుట్టిండ్రు, ఏ దారిన అక్కడికి పోయిండ్రు అని అడిగే హక్కు మనకు లేదా?

ఒక మనిషి దారి చూద్దాం

జస్టిస్ కె. రామస్వామి. 1932 జులై 13న పుట్టిన దళిత బిడ్డ. పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో డిగ్రీ చదివి, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లా చదివిండు. 1962లో వకీలుగా పేరు నమోదు చేసుకొని హైదరాబాదు హైకోర్టులో పని మొదలుపెట్టిండు. సర్కారు పక్షాన వాదించే వకీలుగా చేసిండు. 1982లో హైకోర్టు జడ్జి అయిండు. 1989 అక్టోబరు 6న సుప్రీంకోర్టుకు పోయిండు. 1997 జులై 12న రిటైరయిండు. ఆ తర్వాత 1998 నుండి 2002 దాకా జాతీయ మానవ హక్కుల కమిషన్ సభ్యుడిగా వున్నడు.

ఈ తేదీలను లెక్క గట్టి చూడుండ్రి. వకీలు కోటు వేసుకున్నంక హైకోర్టు కుర్చీకి ఇరవై ఏండ్లు. అక్కడి నుండి ఢిల్లీకి యింకో ఏడేండ్లు. సుప్రీంకోర్టులో అడుగు పెట్టేసరికి యాభై ఏడేండ్లు దాటినయి. అరవై ఐదుకు రిటైర్మెంటు. పెద్ద పదవి వరుస చొప్పున వస్తది గనుక, ఆలస్యంగా లోపలికి పోయినోనికి ప్రధాన న్యాయమూర్తి కుర్చీ అందదు. మన బిడ్డల విషయంలో జరిగే మోసం ఎక్కువగా యిట్లనే వుంటది. తలుపు మూయరు, ఆలస్యంగా తెరుస్తరు.

ఆ ఎనిమిదేండ్లు గూడా నిండని కాలంలో ఆయన ఏం చేసిండు?

కర్ణాటకలో వొక వూళ్లో కొత్తగా వేసిన బోరు దగ్గరికి దళితులు నీళ్లకు పోతే బెదిరించి ఆపిండ్రు. కింది కోర్టులు శిక్ష వేసినయి, హైకోర్టు కొట్టేసింది. 1992 డిసెంబరులో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు ఆ హైకోర్టు తీర్పును తిప్పికొట్టిండ్రు. ఆ ఇద్దరిలో రామస్వామి వొకడు. ఆయన విడిగా తన తీర్పు రాసిండు. అంటరానితనం ఎట్ల పుట్టింది, ఎట్ల బతుకుతున్నది, రాజ్యాంగం 17వ అధికరణ దాన్ని ఎందుకు నేరమన్నది అని వివరంగా రాసిండు. బోరు దగ్గర నిలబడి బిందె తడవకుండా తిరిగొచ్చిన బాధ ఏందో తెలిసినోడు ఆ కుర్చీలో వుంటే తీర్పు యిట్ల వస్తది.

ఉత్తరప్రదేశ్‌లో దళితుల యిండ్ల జాగల కోసం సర్కారు భూమి తీసుకుంటే భూమిగలోళ్లు కోర్టుకెక్కిండ్రు. "తొందరేముంది, మా అభ్యంతరాలు వినకుండ తీసుకుంటరా?" అన్నరు. 1995 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. తల దాచుకునే గూడు బతికే హక్కులో భాగమని చెప్పింది. రామస్వామి ఆ బెంచిలో వున్నడు. యిండ్ల జాగ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులరిగిన మనోళ్లకు ఆ మాట విలువ ఎవరూ చెప్పనక్కర లేదు.

యిక సమతా కేసు. విశాఖ ఏజెన్సీలో అనంతగిరి మండలం బొర్రా దిక్కు ఆదివాసుల భూములను గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకిచ్చిండ్రు. సమతా సంస్థ కోర్టుకు పోయింది. హైకోర్టులో ఓడిపోయింది. సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జీల ముందుకు వచ్చింది. వొకాయన ఒప్పుకోలేదు, ఇద్దరు ఒప్పుకున్నరు. 1997 జులై 11న, అంటే రామస్వామి రిటైరయ్యే ముందు రోజు తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని గూడా గిరిజనేతరుల కంపెనీకి లీజుకిచ్చే అధికారం సర్కారుకు లేదన్నది. 1959 నాటి చట్టాన్ని, దాన్ని గట్టి చేసిన 1/70ని అట్ల అర్థం చెప్పింది. మానుకోట, భూపాలపల్లి దిక్కు ఏజెన్సీలో కోయ అన్నదమ్ముల నోట యివాళ్టికీ 1/70 అన్న మాట వినిపిస్తది. వొక్క జడ్జి అటు వొరిగితే ఆ తీర్పు యింకో రకంగా వుండేది.

యింకో దారి కూడా వుంది. శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చిన జస్టిస్ కె. పున్నయ్య మొదట శాసనసభ్యుడు, తర్వాత హైకోర్టు జడ్జి. రిటైరయినంక ఉమ్మడి రాష్ట్రంలో అంటరానితనం మీద, దళితుల మీద దాడుల మీద ఏకసభ్య కమిషన్‌గా వూరూరు తిరిగిండు. రెండు గ్లాసుల పద్ధతి, గుడి, బాయి సంగతులు సర్కారు కాగితాలకెక్కినయి. జడ్జి కుర్చీ దిగినంక కూడా మనిషి వాడలకు రావచ్చని ఆయన చూపిండు.

మెట్లు ఎట్లున్నయి?

పిల్లలకు తెల్వాలె గనుక చెప్తున్నం. ఇంటర్ తర్వాత ఐదేండ్లో, డిగ్రీ తర్వాత మూడేండ్లో లా చదవాలె. బార్ కౌన్సిల్లో పేరు రాయించుకోవాలె. అక్కడి నుండి రెండు దారులు. వొకటి పరీక్ష రాసి జూనియర్ సివిల్ జడ్జి కావటం. దీనికి మూడేండ్ల ప్రాక్టీసు వుండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. ఆ దారిన పోయినోళ్లు జిల్లా జడ్జి దాకా వస్తరు, హైకోర్టుకు చేరేసరికి వయసైపోతది. రెండోది వకీలుగానే వుండి పేరు తెచ్చుకోవటం. ఏడేండ్ల ప్రాక్టీసుంటే నేరుగా జిల్లా జడ్జి పోస్టుకు పోవచ్చు. పదేండ్లుంటే హైకోర్టు జడ్జి కావటానికి రాజ్యాంగం ప్రకారం అర్హత వచ్చినట్టే. హైకోర్టు జడ్జీల్లో ఎక్కువ మంది ఈ రెండో దారినే వస్తరు.

కింది కోర్టు పోస్టుల్లో రిజర్వేషను వుంది. హైకోర్టులో లేదు, సుప్రీంకోర్టులో లేదు. అక్కడ పరీక్ష గూడా లేదు. 1993 తీర్పు నుండి పెద్ద జడ్జీలే కూర్చొని పేర్లు రాస్తరు. హైకోర్టుకైతే ముగ్గురు, సుప్రీంకోర్టుకైతే ఐదుగురు. దాన్నే కొలీజియం అంటరు. దాని బదులు వేరే కమిషన్ పెడుతూ పార్లమెంటు చట్టం చేస్తే 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కమిషన్ మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. మా ప్రశ్న వొక్కటే. కొలీజియంలో కూర్చున్నోళ్లు ఎవరి పేరు రాస్తరు? తమ ముందు రోజూ నిలబడి వాదించినోని పేరు, తమకు తెలిసినోని పేరు. మన పిల్లడు ఆ హాలు దాకా పోయే తోవ ఏది? లా చదివి జూనియర్‌గా చేరితే ఏండ్ల తరబడి జీతం వుండదు. గది కిరాయి, పుస్తకాలు, కోటు అన్నీ యింటి మీదనే. ఆ యిల్లే కూలి మీద నడుస్తున్నది. మేనమామ వకీలు కాదు, తాత జడ్జి కాదు. అందుకే రామస్వామి దారిలో సర్కారు వకీలు పని చేసిన మెట్టును గుర్తు పెట్టుకోవాలె. ఆ పని దొరికితే జీతమూ వస్తది, రోజూ జడ్జి ముందు నిలబడే వీలూ దొరుకుతది.

ఫలితం అంకెల్లో చూడుండ్రి. 2018 నుండి 2022 డిసెంబరు దాకా దేశంలోని హైకోర్టుల్లో 537 మంది జడ్జీలను పెట్టిండ్రు. అందులో ఎస్సీలు 2.8 శాతం, ఎస్టీలు 1.3 శాతం. సర్కారే చెప్పిన లెక్క యిది. సుప్రీంకోర్టు 1950లో మొదలైతే మొదటి దళిత జడ్జి ఎ. వరదరాజన్ 1980లో వచ్చిండు, ముప్పై ఏండ్లకు. 2010 మేలో కె.జి. బాలకృష్ణన్ దిగిపోయినంక 2019 మేలో బి.ఆర్. గవాయి వచ్చేదాకా, తొమ్మిదేండ్లు వొక్క దళిత జడ్జి లేడు. ఆ గవాయి 2025 మేలో ప్రధాన న్యాయమూర్తి అయితే, అక్టోబరు 6న కోర్టు హాలులోనే వొక వకీలు ఆయన మీదికి చెప్పు విసరబోయిండు. దేశంలో అందరికన్నా పెద్ద కుర్చీ ఎక్కినా ఆ చెప్పు వెంట వచ్చింది.

యిక్కడ వొక మాట సూటిగా చెప్పాలె. మనోడు జడ్జి అయితే కేసులన్నీ మనమే గెలుస్తమని మేము చెప్పటం లేదు. జడ్జి చట్టం ప్రకారం తీర్పు చెప్పాలె, అట్లనే వుండాలె. వర్గీకరణ సంగతే తీసుకోండ్రి. 2004లో ఐదుగురు జడ్జీలు కాదన్నరు. 2024 ఆగస్టు 1న ఏడుగురు కూర్చొని ఆరుగురు అవునన్నరు. రాజ్యాంగం అదే, మాట మారింది. ఇరవై ఏండ్లల్ల వొక తరం చదువులు, కొలువులు దాటిపోయినయి. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుండి అమలైంది. రాజ్యాంగాన్ని మనుషులే చదువుతరు. ఎవరు చదువుతున్నరన్నది పట్టించుకోకుంటే మనకే నష్టం.

మనం చేయాల్సిన పని

మొదటిది, వాడకొక్క వకీలు. డాక్టరు, యింజనీరు అన్నట్టే లా అనే మాట యింట్ల వినబడాలె. లాసెట్ రాయమని పిల్లలకు, ఆడపిల్లలకు మరీ ముఖ్యంగా, సంఘం చెప్పాలె. జూనియర్‌గా వున్న మొదటి మూడేండ్లు వాడ అంతా కలిసి నిలబెట్టాలె. పెండ్లి పేరంటాలకు చందా వేసుకుంటం గదా, దీనికీ వేసుకుందాం.

రెండోది, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును యివ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెప్తున్నది. కింది కోర్టుకే గాదు, అప్పీలుకూ యివ్వాలె. జనగామ కోర్టుకు పోయి అడగండ్రి. అడగకుంటే యివ్వరు.

మూడోది, అట్రాసిటీ కేసు పడితే బాధితులకు బెయిలు దగ్గర నుండి అప్పీలు దాకా తమ మాట చెప్పుకునే హక్కు వుంది. 2015 సవరణ దాన్ని గట్టిగా రాసింది. తీర్పు మీద హైకోర్టుకు పోవాలంటే 90 రోజుల గడువు. తీర్పు రాంగనే దినాలు లెక్కపెట్టుకోవాలె. కేసు కొట్టేసిండ్రని యింట్ల కూర్చుంటే గడువు దాటిపోతది.

నాలుగోది, సర్కారు వకీళ్లను, పబ్లిక్ ప్రాసిక్యూటర్లను పెట్టేటప్పుడు మన జనాభా ఎంతో అంత వాటా కావాలని అడుగుదాం. ఎమ్మెల్యే ఓటుకు వచ్చినప్పుడు సీసీ రోడ్డుతో పాటు దీన్ని గూడా అడుగుదాం. యివాళ సర్కారు వకీలైనోడే రేపు కొలీజియం కండ్లల్ల పడుతడు.

ఐదోది, హైకోర్టులో, సుప్రీంకోర్టులో ప్రాతినిధ్యం కావాలె. యిది భిక్ష గాదు. ఏ దేశంలో అంటరానితనం నేరమో, ఆ దేశంలో దాన్ని తూచే తక్కెడ పట్టుకునే చేతుల్లో అంటరానోళ్ల చెయ్యి గూడా వుండాలె.

బందగీ కోర్టులో గెలిచి బయట ఓడిండు, సంఘం లేక. చుండూరు బయట గెలిచి హైకోర్టులో ఓడింది. ఈ రెండు ఓటములూ మన పిల్లలకు రావద్దంటే వాడలో సంఘం, కోర్టులో వకీలు, బెంచి మీద జడ్జి, మూడూ కావాలె. మూడూ మనమే తయారు చేసుకోవాలె.

జై భీమ్!