ముద్రయు, తాళపుచెవియు



ఇంటికి రెండు వాకిళ్లున్నచో రెంటికిని గడియ వలయునని మన రేపల్లె సీమలో ఒకరు చెప్పనక్కఱలేదు. ఆ మాటయే కంప్యూటరునకును వర్తించును.

మా యింటి కంప్యూటరులో నా మనుమడు సంక్రాంతికి వచ్చి రెండు వ్యవస్థల నమర్చెను. నా వ్రాతలకు విండోసు 10. తన చదువునకు ఉబుంటు అను లినక్సు. మొదటిదానికి సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. 2021లో వెలువడిన విండోసు 11 రెండు రక్షణసాధనములు యంత్రమున నుండవలెనని కోరును. సెక్యూర్ బూట్ అనునది యంత్రము మేల్కొనునపుడు తొలుత నడచు కార్యక్రమమునకు నమ్మదగిన ముద్ర కలదో లేదో చూచి, లేనిదానిని నడువనీయదు. టి.పి.యం. 2.0 అనునది రహస్యపు తాళపుచెవులను దాచు పెట్టె వంటిది.

ఇందుచే లినక్సు నిలిచిపోవునని కొందఱు వెఱతురు. ఆ భయము వలదు. ఉబుంటు ఆరంభ కార్యక్రమమునకు మైక్రోసాఫ్టు ముద్ర కలదు. వేరుగా చేర్చుకొన్న కొన్ని భాగములకు మాత్రము యజమాని తన ముద్రను నమోదు చేయవలసియుండును.

ప్రమాదము వేరొకచోట నున్నది. మనుమడు వెడలినపిమ్మట నేను తొందరపడి సెక్యూర్ బూట్‌ను ప్రారంభించితిని. విండోసు భాగమునకు బిట్‌లాకరు అను తాళము ముందే పడియున్నదని యెఱుగనైతిని. యంత్రపు స్థితి మారుటచే టి.పి.యం. తాళము విప్పలేదు, తెరపై 48 అంకెల సంఖ్య నడుగు ప్రశ్న కనబడెను. నలువదేండ్లుగా సేకరించిన చాటుపద్యములన్నియు ఆ తాళము వెనుకనే యున్నవి. మఱునాడు మనుమడు తన ఖాతా వెదకి ఫోనులో ఆ సంఖ్య చెప్పువఱకు నాకు నిద్రలేదు. తప్పు నాది.

ముద్రారాక్షస నాటకమున రాక్షసుని ముద్రిక చాణక్యుని చేతబడుటచే నెంత జరిగెనో మీరెఱుగుదురు. ముద్ర పరులచేత బడుట యొక కీడు. మన చేతనే లేకపోవుట మఱియొక కీడు.

కావున ముందుగా ఆ సంఖ్యను కాగితముపై వ్రాసి పొలము దస్తావేజులతో భద్రపఱచుడు. ముఖ్యమైన వ్రాతలకు వేరొకచోట నకలు తీయుడు. బిట్‌లాకరును తాత్కాలికముగా నిలిపి, పిమ్మట సెక్యూర్ బూట్‌ను ప్రారంభింపుడు. టి.పి.యం.ను క్లియర్ చేయుమను ఆజ్ఞ నీయకుడు. అందలి తాళపుచెవులు నశించును. పాత లెగసీ పద్ధతిని అమర్చిన యంత్రమైనచో తెలిసినవారి నడుగక ముట్టవలదు.

పిల్లలు పండుగకు వచ్చి, యంత్రము నమర్చి, మరలిపోవుదురు. వారు తెనాలి రైలెక్కక మునుపే “నాయనా, ఆ సంఖ్య యెక్కడ?” అని యడిగి వ్రాయించుకొనుడు. ఇంటి తాళపుచెవి యింటనే యుండవలయును.

స్వస్తి.